నాన్న షుగర్ మిషన్ ఒక్కో వేలికి ఒక్కో అంకె చూపిస్తోంది, దేన్ని నమ్మాలి?

అక్కా, మా నాన్నకి 66 ఏళ్ళు, షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. రెండు రకాల మాత్రలు వేసుకుంటారు, అందులో ఒకటి గ్లిమెపిరైడ్. పోయిన నెల ఇంట్లోకి షుగర్ మిషన్ కొన్నాం, అప్పట్నుంచి ఇంట్లో ప్రశాంతత లేదు. మొన్న పొద్దున్నే ఆరున్నరకి ఫాస్టింగ్ చూస్తే చూపుడు వేలికి 172 వచ్చింది, భయమేసి వెంటనే ఉంగరం వేలికి చూస్తే 149, ఎడం చేతికి చూస్తే 158. అదే రోజు ఎనిమిదిన్నరకి ఏమీ తినకుండానే ల్యాబ్‌లో ఇస్తే 139 అని రిపోర్ట్. టిఫిన్ తిన్న రెండు గంటలకి మిషన్‌లో 251, ల్యాబ్‌లో 204. తమ్ముడేమో మిషన్ దండగ, పారేసి వాచీ లాంటిది కొందాం అంటున్నాడు. నాన్నేమో తక్కువ వచ్చిన రోజు మాత్ర మానేస్తున్నారు, ఎక్కువ వచ్చిన రోజు రెండు వేసుకుంటానంటున్నారు. స్పిరిట్ దూదితో తుడిచే పొడుస్తున్నా, రక్తం సరిగ్గా రాకపోతే గట్టిగా పిండుతున్నా. స్ట్రిప్పులు పాడవకుండా ఫ్రిజ్‌లోనే పెట్టాను. నాన్న పొద్దున లేవగానే అమ్మకి నారింజ పళ్ళు వలిచిపెడతారు, ఆ తర్వాతే ఈ టెస్ట్. అన్నట్టు ఆయనకి రక్తం తక్కువ, హిమోగ్లోబిన్ 9.2, దానికి ఐరన్ మాత్రలు వాడుతున్నారు. మూడు నెలల టెస్ట్ 7.9 వచ్చింది. ఏ అంకె నిజం, ఏ మిషన్ కొనాలి చెప్పక్కా.

– ఒక పాఠకురాలు

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివా. మొదటిసారి చదివినప్పుడు నాకూ మిషన్ మీదే అనుమానం వచ్చింది, రెండోసారి చదివితే నువ్వు అడిగినదానికి జవాబు చాలావరకు నువ్వే రాసేశావని అర్థమైంది, కాకపోతే అసలు విషయాలన్నీ చివర్లో "అన్నట్టు" అంటూ వచ్చాయి. నేను పన్నెండేళ్ళు ల్యాబ్‌లో రక్తాలు తీసినదాన్ని, ఇప్పుడు నాకూ షుగరే, కాబట్టి సూదికి ఇటువైపూ అటువైపూ రెండూ చూశా. నా అనుభవంలో మిషన్ చెడిపోయిన కేసులు తక్కువ. చుక్క స్ట్రిప్‌కి తగలకముందు జరిగే ఒక నిమిషంలోనే సగం తప్పులు జరిగిపోతాయి.

అన్నిటికంటే ముందు మాత్రల సంగతి. ఒక్క రీడింగ్ చూసి మాత్ర మానేయడం, ఇంకోటి ఎక్కువ వేయడం ఇవాళే ఆపించు. గ్లిమెపిరైడ్ షుగర్ బాగా పడిపోయేలా చేయగల మాత్ర, రెండు వేసుకుంటే ఏ అర్ధరాత్రో చెమటలు పట్టి స్పృహ తప్పే పరిస్థితి రావచ్చు. డోసు మార్చేది డాక్టరే, అది కూడా కొన్ని రోజుల అంకెలు వరసగా చూసి మారుస్తారు తప్ప ఒక పొద్దుటి అంకె చూసి కాదు. నాన్నగారికి ఈ మాట నువ్వు చెప్తే వినకపోతే డాక్టర్ చేత చెప్పించు, ఫోన్‌లో అయినా సరే.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. ల్యాబ్ 139 అంది కదా, ఇంటి మిషన్లకి ఒక అంతర్జాతీయ కొలత ఉంది, ఐఎస్ఓ 15197 అంటారు, 2013లో దాన్ని బిగించారు. దాని ప్రకారం ల్యాబ్ విలువ 100 దాటినప్పుడు వంద రీడింగుల్లో కనీసం 95 అటు 15 శాతం ఇటు 15 శాతం లోపల ఉండాలి, 100 కంటే తక్కువైతే అటు 15 పాయింట్లు ఇటు 15 పాయింట్లు. అంటే మంచి మిషన్ అని సర్టిఫికెట్ ఉన్నదానికే అంత వెసులుబాటు ఇచ్చారు. 139కి 15 శాతం తీస్తే 118, కలిపితే 160. మరి మీకు వచ్చిన 149, 158 రెండూ ఆ గీతల మధ్యలోనే ఉన్నాయి! బయటికి పోయింది 172 ఒక్కటే. కాబట్టి మిషన్ మూడుసార్లు మూడు రకాలుగా అబద్ధం చెప్పిందనుకోకు, రెండుసార్లు దాని పరిధిలోనే చెప్పింది, ఒకసారి దానికి తప్పు చుక్క దొరికింది. మిషన్‌లో 149 కనిపించగానే "నూట నలభై తొమ్మిది" అని చదవడం మనకి అలవాటు, కానీ దాన్ని "నూట ముప్పై నుంచి నూట డెబ్బై మధ్యలో ఎక్కడో" అని చదవడం నేర్చుకోవాలి.

మరి ఆ 172 ఎక్కణ్ణుంచి వచ్చింది? నా అనుమానం నారింజ తొక్క మీద. పండు వలిచేది బొటనవేలు, చూపుడు వేలుతో, మీరు మొదట పొడిచింది చూపుడు వేలినే. కొంచెం లెక్క వేస్కుందాం, ఇది చూస్తే ఇక జన్మలో చేతులు కడగడం మర్చిపోవు. ఇప్పటి స్ట్రిప్పులు లాక్కునే రక్తం చాలా తక్కువ, అర మైక్రోలీటర్ అనుకో. షుగర్ 140 ఉంటే ఆ అర మైక్రోలీటర్‌లో ఉండే గ్లూకోజ్ 0.7 మైక్రోగ్రాములు. దానికి ఇంకో 30 పాయింట్లు కలవాలంటే వేలి మీద 0.15 మైక్రోగ్రామ్ గ్లూకోజ్ అంటుకుని ఉంటే చాలు. ఒక ఉప్పు పలుకు బరువు సుమారు 60 మైక్రోగ్రాములు, అంటే ఉప్పు పలుకులో నాలుగొందలో వంతు. కంటికి కనపడదు, జిగురు కూడా తగలదు.

స్పిరిట్‌తో తుడిచాను కదా అంటావు. ఇక్కడే అందరూ పొరబడేది. స్పిరిట్ క్రిములకి పనికొస్తుంది కానీ పండు రసంలోని చక్కెరని పూర్తిగా తీయలేదు. 2011లో జపాన్ వాళ్ళు ఈ సంగతే పరీక్షించి చూశారు, నారింజ, ద్రాక్ష, కివి వలిచిన వేళ్ళతో టెస్ట్ చేస్తే రీడింగ్ ఎక్కడికో పోయింది, స్పిరిట్‌తో ఐదుసార్లు తుడిచినా ఎక్కువే చూపించింది, కుళాయి నీళ్ళతో కడిగితే మాత్రం సరిగ్గా వచ్చింది. పైగా స్పిరిట్ ఆరకముందే పొడిస్తే అది చుక్కలో కలిసి లెక్క ఇంకోలా తప్పుతుంది, చర్మం కూడా ఎండిపోయి గట్టిపడుతుంది. ఇంట్లో టెస్ట్ చేసుకునేవాళ్ళకి స్పిరిట్ కంటే సబ్బు, నీళ్ళే మేలు. పళ్ళు ఒక్కటే కాదు, తేనె, మిఠాయి, గ్లూకోజ్ పొడి, చేతికి రాసుకునే క్రీములు, ఏది అంటుకున్నా ఇంతే.

కాబట్టి రేపట్నుంచి ఇలా చేయించు. గోరువెచ్చటి నీళ్ళు, సబ్బుతో రెండు చేతులూ కడుక్కుని శుభ్రమైన తువ్వాలుతో పూర్తిగా తుడుచుకోవాలి, గోరు పక్కన తడి మిగిలినా చుక్క పల్చబడి తక్కువ చూపిస్తుంది. గోరువెచ్చటి నీళ్ళు ఎందుకంటే వేళ్ళు వెచ్చబడితే రక్తం బాగా దిగుతుంది, చలికి చల్లబడిన వేళ్ళలో రక్తం సరిగ్గా తిరగదు. తర్వాత చెయ్యి కిందికి వేలాడేసి ఒక అర నిమిషం ఉంచాలి. పొడవాల్సింది వేలి కొస మధ్యలో కాదు, పక్కన, గోటికి కొంచెం అవతల, అక్కడ నొప్పి తక్కువ, రక్తం బాగానే వస్తుంది. మధ్య వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు రోజుకొకటి మారుస్తూ ఉంటే ఒకే చోట కాయ కట్టదు.

రక్తం రాకపోతే పిండుతున్నానన్నావు, అది ఆపు తల్లీ. వేలి కొసని గట్టిగా పిండితే రక్తంతో పాటు కణాల మధ్యలో ఉండే నీరు కూడా బయటికొచ్చి కలుస్తుంది, ఎర్ర కణాలు కూడా చితకొచ్చు, అప్పుడు వచ్చే అంకె రక్తం అంకె కాదు. అరచేతి వైపు నుంచి వేలి కొస దాకా మెల్లగా నిమిరినట్టు తోస్తే చాలు. అయినా రాకపోతే పొడిచే పెన్నులో లోతు అంకె ఉంటుంది చూడు, దాన్ని ఒక గీత పెంచు. ఇంకో మాట, సూది రోజూ మారుస్తున్నావా? ఒకే లాన్సెట్‌తో వారం రోజులు లాగించేవాళ్ళు బోలెడుమంది, దాని మొన మొద్దుబారి నొప్పి ఎక్కువ, రక్తం తక్కువ, మళ్ళీ పిండటం. ఇంట్లో ఇంకెవరికైనా షుగర్ ఉన్నా ఆ పెన్ను, సూది మాత్రం పంచుకోకండి, హెపటైటిస్ బి లాంటివి అలాగే అంటుకుంటాయి.

మొదటి చుక్కా రెండో చుక్కా అని పెద్ద వాదన ఒకటి నడుస్తూ ఉంటుంది. చేతులు సరిగ్గా కడిగి ఆరబెట్టుకుంటే మొదటి చుక్క చాలు. ప్రయాణంలోనో ఎక్కడో నీళ్ళు దొరకకపోతే మొదటి చుక్కని శుభ్రమైన పొడి దూదితో తుడిచేసి రెండోది తీసుకో. చుక్కని స్ట్రిప్ మీద పైనుంచి పూయకూడదు, స్ట్రిప్ కొసని చుక్కకి ఆనిస్తే అదే పీల్చుకుంటుంది. చాలలేదని మళ్ళీ పిండి రెండో చుక్క కలపడం చాలా మిషన్లలో పనికిరాదు, ఆ స్ట్రిప్ పోయిందనుకుని కొత్తది తీయడమే.

ఇక ఫ్రిజ్. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెడతారు కాబట్టి స్ట్రిప్పులూ అక్కడే అనుకుంటారు అందరూ, తప్పు నీ ఒక్కదానిదే కాదు. స్ట్రిప్ అంటే ఉత్త ప్లాస్టిక్ ముక్క కాదు, దాని కొసన ఒక ఎంజైమ్ పూత ఉంటుంది, అది రక్తంలోని గ్లూకోజ్‌తో కలిసినప్పుడు పుట్టే చిన్న కరెంటునే మిషన్ కొలుస్తుంది. ఆ ఎంజైమ్‌కి తేమ బద్ధశత్రువు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి డబ్బీ మూత తెరవగానే గాలిలో తేమ లోపల చెమ్మలా పట్టేస్తుంది. చాలా స్ట్రిప్పుల మీద 4 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచమనీ, ఫ్రిజ్‌లో పెట్టొద్దనీ రాసే ఉంటుంది, మీ డబ్బీ మీద ఏం రాశారో ఒకసారి చదువు. వంటగదిలో పొయ్యి పక్కన, బాత్రూమ్ అరలో, ఎండలో నిలబెట్టిన కారులో కూడా వద్దు. డబ్బీ మూత లోపల తేమ పీల్చే మందు ఉంటుంది, అందుకే స్ట్రిప్ తీసిన వెంటనే మూత టక్కుమనేలా వెయ్యాలి, స్ట్రిప్పుల్ని ఇంకో డబ్బాలోకి మార్చకూడదు. ఎక్స్‌పైరీ తేదీ ఒక్కటే చూస్తే కూడా సరిపోదు, కొన్ని కంపెనీల స్ట్రిప్పులు మూత తీసిన మూడు నెలలకో ఆరు నెలలకో పనికిరావు. తెరిచిన రోజు తేదీని పెన్నుతో డబ్బీ మీద రాసేయ్. ఫ్రిజ్‌లో నెల రోజులు ఉండి రోజూ తెరిచిన ఆ డబ్బీని నేనైతే వదిలేస్తా, బాధగానే ఉంటుంది, చవక కాదుగా. అయినా తడిసిన స్ట్రిప్‌ని నమ్మి మాత్ర మార్చుకోవడం కంటే నయం.

పాత మోడల్ మిషన్ అయితే ఇంకో చిక్కు ఉంటుంది, స్ట్రిప్ డబ్బీతో పాటు చిన్న చిప్ గానీ కోడ్ నంబర్ గానీ ఇస్తారు, కొత్త డబ్బీ తెరిచినప్పుడల్లా దాన్ని మార్చాలి, మార్చకపోతే అంకె తప్పుతుంది. మీది కొత్తదే కాబట్టి బహుశా ఆ గొడవ లేదు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపేసిన మాట, హిమోగ్లోబిన్ 9.2. రక్తంలో ఎర్ర కణాలు ఎంత భాగం ఉన్నాయో చెప్పేదాన్ని హెమటోక్రిట్ అంటారు, రిపోర్ట్‌లో పీసీవీ అని ఉంటుంది. హిమోగ్లోబిన్‌ని మూడుతో గుణిస్తే దాదాపు అదే వస్తుంది, నాన్నగారికి 27, 28 ఉండొచ్చు. షుగర్ మిషన్లు మామూలు హెమటోక్రిట్ ఉన్న రక్తాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి, కొన్ని మోడళ్ళ కాగితంలో "30 నుంచి 55 శాతం మధ్య మాత్రమే" అని స్పష్టంగా రాసి ఉంటుంది. ఎర్ర కణాలు తక్కువైతే చుక్కలో ప్లాస్మా భాగం పెరిగి స్ట్రిప్ ఎంజైమ్‌కి గ్లూకోజ్ సులువుగా చేరుతుంది, అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎర్ర కణాలు మరీ ఎక్కువున్నవాళ్ళకి ఇది తిరగబడి తక్కువ చూపిస్తుంది. మీ మూడు రీడింగులూ ల్యాబ్ కంటే ఎక్కువే రావడానికి ఇది కూడా కారణం అయ్యుండొచ్చని నా లెక్క.

ఎక్కువ చూపిస్తే పోయేదేముంది, జాగ్రత్తగా ఉంటాం కదా అనుకోకు. అసలు ప్రమాదం కింద ఉంది. నిజంగా షుగర్ 65కి పడిపోయి చేతులు వణుకుతుంటే మిషన్ 82 చూపించొచ్చు, "బాగానే ఉందిగా" అని ఊరుకుంటారు. 70 కంటే తక్కువైతే లో షుగర్ కింద లెక్క, 54 కంటే తక్కువైతే ఇంకా ప్రమాదం. అందుకే నాన్నగారికి చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం, విపరీతమైన ఆకలి, వీటిలో ఏదొచ్చినా మిషన్ ఏం చెప్పినా సరే, ముందు 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. ఒంటికీ అంకెకీ పొత్తు కుదరనప్పుడు ఒంటి మాటే వినాలి.

అదే హిమోగ్లోబిన్ సంగతి మూడు నెలల టెస్ట్‌ని కూడా వదల్లేదు. 7.9 అంటే సగటు షుగర్ 180 చుట్టూ అని లెక్క వస్తుంది, కానీ ఆ టెస్ట్ ఎర్ర కణాల మీద ఆధారపడినది. ఐరన్ లోపం ఉంటే అది నిజం కంటే కొంచెం పైకి చూపిస్తుంది, రక్తం పోవడం వల్లో, కణాలు తొందరగా చితికిపోవడం వల్లో రక్తం తగ్గితే కిందికి చూపిస్తుంది. ఐరన్ మాత్రలతో కొత్త కణాలు పుడుతున్న రోజుల్లో అది ఇంకోలా మారుతుంది. కాబట్టి ప్రస్తుతానికి దాన్ని కూడా గట్టి సాక్షిగా పెట్టుకోలేం. ఫ్రక్టోసమైన్ అని ఎర్ర కణాలతో పని లేని టెస్ట్ ఒకటుంది, గత రెండు మూడు వారాల సగటు చెప్తుంది, నాన్నగారికి అవసరమా అని డాక్టర్‌ని అడుగు. అంతకంటే ముఖ్యంగా ఆ వయసులో రక్తం ఎందుకు తగ్గిందో కనుక్కున్నారా? ఐరన్ మాత్రలు రాసిచ్చి పంపేస్తే సరిపోదు, కారణం వెతకాలి. ఇది షుగర్ ప్రశ్న కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోయా.

ల్యాబ్‌ని దేవుడిలా చూడకూడదని కూడా చెప్పాలి, నేను ఆ గుళ్ళో పూజారిని కాబట్టి చెప్తున్నా. ముందు టైమ్ చూడు, మీరు ఇంట్లో చూసింది ఆరున్నరకి, ల్యాబ్‌లో ఇచ్చింది ఎనిమిదిన్నరకి. రెండు గంటల్లో షుగర్ కదలదా? తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి, ఏమీ తినకపోయినా షుగర్ పైకి పోతుంది, తర్వాత నడకతో దిగొచ్చు. రెండోది, ట్యూబులో రక్తం ఊరికే కూర్చోదు, అందులోని ఎర్ర కణాలు గ్లూకోజ్‌ని తింటూనే ఉంటాయి. మామూలు వేడిలో వదిలేస్తే గంటకి 5 నుంచి 7 శాతం దాకా తగ్గుతుంది. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబ్ వాడినా మొదటి గంట, రెండు గంటలు ఆ తరుగుదల పూర్తిగా ఆగదు. నమూనా తీసిన చోట ఒకటి, పరీక్ష చేసే చోట ఇంకోటి అయితే ఆ 139 నిజానికి 145 అయ్యుండొచ్చు. ఇలా ట్రేలో నిలబడి నిలబడి తగ్గిన రక్తాలు నేను చాలా చూశా.

టిఫిన్ తర్వాతి 251, 204 గొడవకి ఇంకో వివరణ ఉంది. వేలి కొసన దొరికేది సన్నటి రక్తనాళాల్లోని రక్తం, ల్యాబ్‌లో తీసేది చేతి సిరలోంచి. ఏమీ తిననప్పుడు ఈ రెండిటికీ పెద్ద తేడా ఉండదు. తిన్న తర్వాత మాత్రం కండరాలు గ్లూకోజ్‌ని తీసేసుకున్నాక మిగిలిన రక్తం సిరలోకి వస్తుంది కాబట్టి, వేలి రక్తంలో షుగర్ సిర కంటే ఎక్కువ ఉంటుంది, 20 శాతం దాకా కూడా తేడా రావచ్చు. 204కి 20 శాతం కలిపితే 245 దగ్గరికొచ్చాం, దానికి రక్తం తక్కువ సంగతి కలిపితే 251 వింతేం కాదు. అందుకే మిషన్‌ని ల్యాబ్‌తో పోల్చాలంటే తిన్న తర్వాత ఎప్పుడూ పోల్చకూడదు. ఇంకోటి, రెండు గంటలు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టారు? తినడం పూర్తయ్యాక కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పట్నుంచి లెక్కపెట్టాలి. మెల్లగా తినే మనిషైతే ఇక్కడే అరగంట తేడా వచ్చేస్తుంది.

మిషన్ మంచిదో కాదో తేల్చుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది కంట్రోల్ సొల్యూషన్, అదే కంపెనీ అమ్మే చిన్న సీసా, రక్తం బదులు ఆ ద్రవం చుక్క పెడితే డబ్బీ మీద అచ్చేసిన రెండు అంకెల మధ్యలో రావాలి. రాకపోతే స్ట్రిప్పులు గానీ మిషన్ గానీ తేడా. ఆ సీసా కూడా తెరిచాక చాలా కంపెనీలవి మూడు నెలలే పనిచేస్తాయి, తేదీ రాసుకో. అయితే ఇది మిషన్, స్ట్రిప్పుల సంగతే చెప్తుంది, నాన్నగారి రక్తానికి ఆ మిషన్ సరిపోతుందా అన్నది చెప్పదు. దానికి రెండో దారి. కొత్త స్ట్రిప్పులు తీసుకుని, మిషన్‌ని ఏమీ తినకుండా ల్యాబ్‌కే తీసుకెళ్ళు, వాళ్ళు సిరలో రక్తం తీసిన ఐదు నిమిషాల్లోపే కడిగిన వేలితో మీరు మీ మిషన్‌లో చూడాలి. ట్యూబులో రక్తం చుక్క తీసి స్ట్రిప్‌కి పెట్టమని అడగొద్దు, అది వేరే లెక్క. ఆ రక్తాన్ని ఎంతసేపట్లో పరీక్షిస్తారో అడుగు, వెంటనే చేస్తామంటే అదృష్టం. ఇలా వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేస్తే మూడు జతల అంకెలు వస్తాయి. మూడూ 15 శాతం లోపల ఉంటే మిషన్‌ని తిట్టడం మానేయండి, మూడూ ఒకే వైపు ఎక్కువగా పోతే మాత్రం హెమటోక్రిట్ దగ్గర ఆగినట్టే.

అప్పుడు మిషన్ మార్చాల్సి వస్తే ఏది కొనాలన్నది కంపెనీ పేరుతో చెప్పను, కాగితంలో ఏం చూడాలో చెప్తా. ఐఎస్ఓ 15197 2013 ప్రకారం పరీక్షించారా, హెమటోక్రిట్ పరిధి ఎంత వెడల్పు, ఈ రెండే. కొన్ని మిషన్లు హెమటోక్రిట్‌ని తామే కొలిచి సరిచేస్తాయి, 20 శాతం అంతకంటే కిందదాకా పనిచేస్తామని రాసినవి ఉన్నాయి, నాన్నగారికి అలాంటిదే కావాలి. స్ట్రిప్పులు మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరకాలి, అది కూడా చూసుకో. తమ్ముడు చెప్పే వాచీ మాటకొస్తే, సూది గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది, అలాంటి దేనికీ వాళ్ళు అనుమతి ఇవ్వలేదు. చేతికి అతికించే సెన్సర్ వేరు, దానికి చర్మం కింద సన్నటి తీగ ఉంటుంది, అది నిజంగానే కొలుస్తుంది. కాకపోతే అది కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య నీటిని, అందుకే షుగర్ వేగంగా మారేటప్పుడు ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడుతుంది, ఆ చెయ్యి మీద పడుకుంటే అబద్ధపు లో చూపిస్తుంది. దాన్ని డాక్టర్ చెప్తేనే ఆలోచించండి.

మందుల వల్ల కూడా కొన్ని మిషన్లు తప్పుతాయి, విటమిన్ సి పెద్ద డోసుల్లో వాడితే ఎక్కువ చూపించొచ్చు, కొన్నిటికి పారాసిటమాల్ కూడా పడదు. ఐరన్ మాత్రతో పాటు విటమిన్ సి కూడా రాస్తుంటారు, మామూలు డోసుతో పెద్దగా భయం లేదు, అయినా మిషన్ కాగితంలో ఆ పేరు ఉందేమో చూడు. కడుపులో ద్రవం పోసి చేసే డయాలసిస్ వాళ్ళకి ఇంకా పెద్ద గొడవ ఉంది, వాళ్ళు వాడే ఐకోడెక్స్‌ట్రిన్ వల్ల ఒక రకం స్ట్రిప్పులు లేని షుగర్‌ని చూపిస్తాయి, నాన్నగారికి అది వర్తించదు కాబట్టి వదిలేస్తున్నా.

ఇక రోజుకి ఎన్నిసార్లు చూడాలన్నది డాక్టర్ చెప్పినన్ని. వచ్చిన అంకె నచ్చలేదని మూడు వేళ్ళు పొడవడం మాత్రం వద్దు, మరీ అనుమానంగా ఉంటే చేతులు మళ్ళీ కడిగి ఒకే ఒక్కసారి చూడండి, రెండూ రాయండి. ఒక పుస్తకంలో అంకె పక్కన టైమ్, ఎప్పుడు తిన్నారు, మాత్ర వేసుకున్నారా, నిద్ర పట్టిందా, జ్వరమేమైనా ఉందా అని రెండు మాటలు రాస్తే డాక్టర్‌కి మెమరీలో ఉన్న వంద అంకెల కంటే అదే పనికొస్తుంది. మిషన్‌లో గడియారం కూడా చూడు. నేను ఒకసారి బ్యాటరీ మార్చాక టైమ్ సరిచేయలేదు, పన్నెండు గంటలు అటూ ఇటూ అయిపోయింది, నా పొద్దుటి అంకెలన్నీ రాత్రివి అనుకుని డాక్టర్ రాత్రి మాత్ర మార్చబోయారు, పక్కన చీటీలో నా రాతలు ఉండబట్టి బతికిపోయా. ల్యాబ్‌లో పనిచేసినదాన్ని నాకే ఈ గతి!

స్క్రీన్ మీద అంకె బదులు హెచ్ఐ అని వస్తే మిషన్ కొలవగలిగినదానికంటే ఎక్కువ అని, ఎల్ఓ అంటే మిషన్ కొలవగలిగినదానికంటే తక్కువ అని అర్థం, రెండూ అర్జంటే. 300 దాటి వాంతులో ఆయాసమో ఉంటే ఏ వేలు సరైంది అని చూస్తూ కూర్చోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

రేపు పొద్దున నారింజ వలచకముందే నాన్నగారికి టెస్ట్ చేసేయ్, అమ్మ పది నిమిషాలు ఆగుతుంది. ఆ ల్యాబ్ జతలు మూడూ, పీసీవీ ఎంతో, మిషన్ కాగితంలో హెమటోక్రిట్ పరిధి ఎంతో రాసి మళ్ళీ పంపు, అప్పుడు మాట్లాడుకుందాం, అప్పటిదాకా తమ్ముడి చేతికి ఆ మిషన్ చిక్కకుండా దాచు.